బోగీ, పెట్టె, రోలింగ్ స్టాక్: ఒక యువ రచయిత్రికి లేఖ

సత్యనారాయణపురం,
విజయవాడ.

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

నీ కథా, దానితో పాటు రాసిన ఉత్తరమూ అందాయి. రాయనపాడు వ్యాగన్ వర్కుషాపు చుట్టూ కథ నడపాలన్న నీ ఆలోచన నాకు నచ్చింది. మన ప్రాంతపు కథల్లో స్టేషను ఉంటుంది, ప్లాట్‌ఫారం ఉంటుంది, వీడ్కోళ్ళు కావలసినన్ని ఉంటాయి. ఆ బండ్లకు మరమ్మతులు చేసే చోటు మాత్రం ఎక్కడో గాని కనిపించదు. అక్కడ ఫిట్టరుగా పనిచేసి విరమించిన మీ మామయ్యగారి మాటలు కథలో పడిన ప్రతిచోటా వాక్యం హాయిగా నడిచింది. ఆయన్ని పక్కన పెట్టి నువ్వు నిఘంటువు తెరిచిన చోటల్లా బిగుసుకుపోయింది.

నువ్వు అడిగిన ప్రశ్న ఒక్కటే: 'రోలింగ్ స్టాక్' అన్న మాటను తెలుగులో ఏమని రాయాలి? అడగడానికి ముందే నువ్వు మూడు ప్రయత్నాలు చేశావు. మొదటి పేజీలో 'దొర్లు సామగ్రి' అన్నావు, వర్కుషాపు అధికారి ప్రసంగంలో 'చలన సంపద' అన్నావు, చివర కోర్టు సన్నివేశంలో 'రైలు సరుకు' అన్నావు. మూడూ కుదరలేదు, అయితే మూడూ ఒకే కారణం వల్ల చెడలేదు. 'దొర్లు సామగ్రి' చదివినవాడికి పీపాలో, దుంగలో కళ్ళ ముందు కదులుతాయి గాని రైలు కదలదు. 'చలన సంపద' అంటే బ్యాంకువారు తాకట్టుకు రాసుకునే చరాస్తి అనిపిస్తుంది. ఇక 'రైలు సరుకు' ఈ మూడింటిలోనూ ప్రమాదకరమైనది, ఎందుకంటే అది తెలుగులో ఇప్పటికే మరో అర్థంతో స్థిరపడిన మాట: వ్యాగన్‌లో ఎక్కించే బియ్యం, సిమెంటు, బొగ్గు. నీ కథానాయకుడి మీద ఉన్న ఆరోపణ వ్యాగన్ కిందనుంచి బ్రేక్ బ్లాకులు ఊడదీశాడని. 'రైలు సరుకు దొంగిలించాడు' అని నువ్వు రాయగానే వాడు బస్తాలు మోసుకుపోయినవాడైపోయాడు. ఒక్క మాట మారినందుకు నేరమే మారిపోయింది.

సరే, ముందు ఆ మాట అర్థం చూద్దాం. రైల్వేల తొలినాళ్ళలోనే ఇంగ్లీషువాళ్ళు తమ ఆస్తిని విడదీసి చెప్పుకోవడానికి కొన్ని మాటలు ఏర్పరచుకున్నారు. నేల మీద స్థిరంగా ఉండే దారి, అంటే పట్టాలు, స్లీపర్లు, వాటి కింద పరిచిన కంకర, అంతా కలిపి 'పర్మనెంట్ వే'. దారి వేస్తున్నప్పుడు గుత్తేదారులు మట్టి, రాయి మోయడానికి తాత్కాలికంగా పరిచే పట్టాల నుంచి వేరు చేయడానికి దానికి ఆ పేరు పెట్టారు. ఆ దారి మీద చక్రాలతో తిరిగేదంతా 'రోలింగ్ స్టాక్'. ఇందులో 'స్టాక్' అన్నది దుకాణంలో అమ్మకానికి పేర్చిన సరుకూ కాదు, షేరు మార్కెట్టులో కొనే వాటా కూడా కాదు. ఒక సంస్థ తన పని నడపడానికి ఉంచుకున్న సాధనాల మొత్తం. రైల్వేలో స్టోర్స్ డిపార్టుమెంటు అని వేరే ఉంది. మేకులు, రంగులు, నూనెలు నిలవ ఉంచేది అది, ఆ నిలవనూ స్టాకే అంటారు. వర్కుషాపు నేపథ్యంగా రాస్తున్నావు కాబట్టి ఈ రెండు స్టాకులూ నీ కథలో ఎదురుపడే అవకాశం ఉంది, జాగ్రత్తగా ఉండు.

మన దేశంలో ఈ మాటకు చట్టపరమైన హద్దులు కూడా ఉన్నాయి. 1989 నాటి రైల్వేల చట్టం రెండో సెక్షనులో ఇచ్చిన నిర్వచనం ప్రకారం ఇంజిన్లు, ప్రయాణికుల పెట్టెలు, వ్యాగన్లు, రైలు కార్లు, కంటెయినర్లు, ట్రక్కులు, ట్రాలీలు, పట్టాల మీద కదిలే అన్ని రకాల వాహనాలూ రోలింగ్ స్టాకే. అంటే వందే భారత్ బండి ఎంతో, పట్టాల తనిఖీకి నలుగురు తోసుకుంటూ వెళ్ళే చిన్న ట్రాలీ కూడా చట్టం కంటికి అంతే. కోర్టు సన్నివేశం రాసేవాళ్ళకు ఇది పనికివచ్చే వివరం. ట్రాలీ ఏపాటిదని వాదించే ప్లీడరును నువ్వు హాయిగా సృష్టించుకోవచ్చు. అమెరికాలో ఈ మాట వాడేవాళ్ళు కొన్నిసార్లు ఇంజిన్లను ఇందులోంచి తప్పించి, వెనక లాగబడే వాటికే దీన్ని పరిమితం చేస్తారు. అక్కడి పుస్తకం చూసి ఇక్కడి కథ రాస్తే ఇంజిన్ లెక్కలోంచి జారిపోతుంది.

అర్థం ఇంత స్పష్టంగా ఉన్నా, ఈ మాట పలికేదెవరు అన్న ప్రశ్న మిగిలే ఉంది. కథకురాలివి కాబట్టి నీకు అదే ముఖ్యం. బడ్జెట్ వేళ రైల్వే వెలువరించే పనుల పట్టికను అందరూ పింక్ బుక్ అంటారు. దాని అసలు పేరులోనే పనులు, యంత్రాలతో పాటు రోలింగ్ స్టాక్ ఉంటుంది. రైల్వే బోర్డులో ట్రాక్షన్ (అంటే బండిని లాగే శక్తి), రోలింగ్ స్టాక్ వ్యవహారాలకు ఒక సభ్యుడు ఉంటారు. 1986లో ఏర్పడిన ఇండియన్ రైల్వే ఫైనాన్స్ కార్పొరేషన్ మార్కెట్టులో అప్పు తెచ్చి ఇంజిన్లు, పెట్టెలు, వ్యాగన్లు కొని రైల్వేకు లీజుకు ఇస్తుంది. ఆ ఒప్పందాల నిండా ఈ మాటే. బ్రిటన్‌లో 1990లలో రైల్వేను ప్రైవేటు చేసినప్పుడు బండ్లు నడిపే కంపెనీలు వేరు, ఆ బండ్లు సొంతం చేసుకుని అద్దెకు ఇచ్చే కంపెనీలు వేరు అయ్యాయి. రెండో రకం కంపెనీలను రోలింగ్ స్టాక్ కంపెనీలనే అన్నారు. కొనేవాడు, లెక్క రాసేవాడు, అద్దెకు ఇచ్చేవాడు, చట్టం రాసేవాడు: వీళ్ళ మాట అది. వీళ్ళకు బండ్లన్నీ ఒక్క మొత్తంగా కనిపిస్తాయి. ప్లాట్‌ఫారం మీద మూట పట్టుకుని పరుగెత్తే మనిషికి గాని, పిట్ లైనులో బండి కిందికి దిగి సుత్తితో తట్టి చూసే మనిషికి గాని మొత్తంతో పని లేదు. ఒకరికి తాను ఎక్కవలసిన పెట్టె కావాలి, మరొకరికి పగిలిన స్ప్రింగు కావాలి.

అందువల్ల నీ ప్రశ్నకు నా జవాబు ఇది: రోలింగ్ స్టాక్‌కు తెలుగు మాట పుట్టించకు. అధికారి ప్రసంగంలో, బడ్జెట్ వార్తలో, కోర్టు కాగితంలో దాన్ని 'రోలింగ్ స్టాక్' అనే రాయి, మిగతా కథలోంచి పూర్తిగా తీసెయ్యి. హిందీలో రైల్వేవారు దీన్ని 'చల్ స్టాక్' అన్నారు. సగం అనువదించి సగం వదిలేశారు. అధికార భాషగా రాయక తప్పనివాళ్ళకే సగం దూరంలో ఆగవలసి వచ్చిందంటే, ఆ అవసరం లేని మనకు అసలు మాటను అలాగే ఉంచుకోవడంలో చిన్నతనం ఏమీ లేదు. ఒక చిన్న వ్యాకరణం మాత్రం గుర్తు పెట్టుకో. ఇది సముదాయాన్ని చెప్పే మాట. 'ఒక రోలింగ్ స్టాక్ పాడైంది', 'పది రోలింగ్ స్టాక్‌లు వచ్చాయి' అని రాయకూడదు. పాడైంది వ్యాగనైతే వ్యాగన్ అను, ఇంజినైతే ఇంజిన్ అను. నీ అధికారి ప్రసంగంలో ఈ తప్పు కనిపించింది. జీవితమంతా ఆ మాటతో గడిపిన మనిషి అలా పొరపడడు.

ఇప్పుడు నువ్వు అడగని మాట దగ్గరకు వస్తాను, ఎందుకంటే కథలో నిజమైన చిక్కంతా అక్కడ ఉంది. అది 'బోగీ'.

తెలుగువాళ్ళకు బోగీ అంటే ప్రయాణికులు కూర్చునే పెట్టె. పత్రికలు అలాగే రాస్తాయి, టీవీలు అలాగే చెబుతాయి, మా మనవలూ అలాగే అంటారు. రైల్వే ఇంజనీరుకు మాత్రం బోగీ అంటే పెట్టె కింద ఉండే ఇనుప చట్రం: రెండు ఇరుసులు, నాలుగు చక్రాలు, స్ప్రింగులు, బ్రేకులు ఉన్న ఆ చట్రం మీద పెట్టె కూర్చుంటుంది, మలుపు వచ్చినప్పుడు చట్రం తిరగడానికి వీలుగా మధ్యలో పివట్ ఉంటుంది. మామూలు పెట్టెకు అలాంటివి రెండు, ముందొకటి, వెనకొకటి, మొత్తం ఎనిమిది చక్రాలు. తొలి రోజుల పెట్టెలకు బోగీలు ఉండేవి కావు. నాలుగు చక్రాలు నేరుగా పెట్టెకే బిగించి ఉండేవి. బోగీల మీద నడిచే పొడవైన పెట్టెలు వచ్చినప్పుడు వాటిని 'బోగీ క్యారేజీ' అన్నారు. ఆ జంటలో రెండో మాట రాలిపోయి మొదటి మాటే మన దేశంలో పెట్టెకు పేరైందనుకోవడం సమంజసంగానే ఉంటుంది. 'రైలు' విషయంలో మనం చేసిందీ అదే గదా! ఇంగ్లీషులో రైలు అంటే ఇనుప కమ్మీ. మనకు మొత్తం బండే రైలైంది, కమ్మీకి పట్టా అని వేరే పేరు వెతుక్కున్నాం. 'రైలు పట్టా' అన్నప్పుడు ఎవరూ నవ్వరు. కాబట్టి బోగీని పెట్టె అన్న అర్థంలో వాడటం తప్పని నీకు ఎవరైనా చెబితే నమ్మకు. అది తెలుగు మాట అయిపోయింది, దాని అర్థం తెలుగువాళ్ళు నిర్ణయించారు.

అయితే నీ కథ వర్కుషాపులో జరుగుతోంది, అక్కడ రెండు అర్థాలూ ఒకే కప్పు కింద తిరుగుతాయి. నీ ఐదో పేజీలో మామయ్య పాత్ర 'బోగీ పగిలింది' అంటాడు. పని తెలిసిన మనిషిగా ఆయన చెప్పింది చక్రాల చట్రంలో పగులు గురించి. విజయవాడలో ఇంట్లో కూర్చుని చదివే పాఠకుడు మాత్రం గోడ చీలిన పెట్టెను ఊహించుకుంటాడు, తరవాతి పేరాలో ఆ వ్యాగన్ గోడలు చెక్కుచెదరకుండా ఉండేసరికి నువ్వే పొరబడ్డావనుకుంటాడు. వార్తల్లో ఈ గందరగోళం ఇంకా ముదురుతుంది. ఒక పెట్టె తాలూకు రెండు బోగీలూ పట్టాలు దిగాయని ఇంగ్లీషు నివేదికలో ఉంటే, తెలుగులో 'రెండు బోగీలు పట్టాలు తప్పాయి' అని వస్తుంది. ఒక పెట్టె రెండు పెట్టెలవుతుంది. నేను పత్రికలో పనిచేసిన రోజుల్లో ప్రమాద వార్తలు దిద్దేటప్పుడు అన్నిటికన్నా ముందు చూసుకున్నది దీన్నే.

ఈ చిక్కు తప్పించుకునే దారి మీ మామయ్యగారి దగ్గరే ఉంది. రైల్వే పనివాళ్ళు తమలో తాము మాట్లాడుకునేటప్పుడు ఆ చట్రాన్ని చాలాసార్లు 'ట్రాలీ' అంటారు. ప్రమాద సమాచారాల్లో కూడా 'ముందు ట్రాలీ దిగింది', 'వెనక ట్రాలీ దిగింది' అన్న పద్ధతి ఉంది. నీ పాత్ర 'ట్రాలీ ఫ్రేము పగిలింది, దీన్ని లైను మీదికి పంపితే ఎక్కడో పట్టాలు దిగుతుంది' అంటే చాలు. ఆ వెంటనే చక్రాల దగ్గర వంగి చేత్తో తడిమి చూశాడని రాస్తే, ట్రాలీ అంటే ఏమిటో తెలియని పాఠకుడికి కూడా అది ఎక్కడుందో తెలుస్తుంది. అక్కడ ఆగిపోయి 'ట్రాలీ అనగా' అంటూ వివరణ మొదలుపెట్టవద్దు. ఒకే కథలో తనిఖీ ట్రాలీ కూడా వస్తే మాత్రం దాన్ని తోపుడు ట్రాలీ అని వేరు చేయి.

పాత అర్థం ఎక్కడ భద్రంగా ఉందో చూడాలంటే వ్యాగన్ పక్కన తెల్ల రంగుతో రాసిన అక్షరాలు చదువు. బీసీఎన్, బీటీపీఎన్ వంటి పేర్లలో మొదటి 'బీ' బోగీయే: చక్రాలు నేరుగా బిగించిన పాత నాలుగు చక్రాల వ్యాగన్ నుంచి వేరు చేయడానికి. 'సీ' అంటే పైకప్పు ఉన్నది, 'టీ' అంటే ట్యాంకు, చివరి 'ఎన్' గాలి బ్రేకుకు గుర్తు. దాని పక్కనే పదకొండు అంకెల సంఖ్య ఉంటుంది. మొదటి రెండు అంకెలు రకాన్ని, తరవాతి రెండు సొంతదారు రైల్వేను, ఆపై రెండు తయారైన సంవత్సరాన్ని చెబుతాయి, ఆఖరి అంకె మిగతావాటిని సరిచూసుకోవడానికి. ప్రయాణికుల పెట్టెల మీద కూడా సంఖ్యలో మొదటి రెండు అంకెలు తయారైన సంవత్సరమే. ఇంజిన్ల మీది అక్షరాల పద్ధతి వేరు: అక్కడ 'డబ్ల్యూ' బ్రాడ్ గేజికి, 'వై' మీటరు గేజికి గుర్తు. ఇవన్నీ కథలో కుక్కమని చెప్పడం లేదు. నీ కథానాయకుడు ఒక వ్యాగన్‌ను చాలా ఏళ్ళ తరవాత గుర్తుపట్టాలి కదా. 'ఎక్కడో చూసినట్టనిపించింది' అని నువ్వు రాశావు. వేలకొద్దీ ఒకేలా ఉండే వ్యాగన్లలో అనిపించడం కుదరదు. ఆ సంఖ్య చదివి గుర్తుపడతాడు. పీవోహెచ్, అంటే నిర్ణీత కాలానికోసారి వర్కుషాపులో చేసే పూర్తి మరమ్మతు, జరిగిన తేదీ, మళ్ళీ రావలసిన తేదీ కూడా దాని ఒంటి మీదే రాసి ఉంటాయి.

'పెట్టె' సంగతి కొంచెం చెప్పాలి. మా తరం వాళ్ళు ఇప్పటికీ 'ముందు పెట్టెలో ఎక్కు', 'ఆడవాళ్ళ పెట్టె', 'జనరల్ పెట్టె' అంటాం. బోగీ వచ్చి దాన్ని చాలావరకు పక్కకు నెట్టింది, రిజర్వేషన్ రోజులు వచ్చాక కోచ్ కూడా చేరింది. నువ్వు ఈ మూడింటినీ పునరుక్తి తప్పించుకోవడానికి వంతులవారీగా మార్చి మార్చి వాడావు. అలా చేయకు. నానమ్మ పెట్టె అంటుంది, మనవడు బోగీ అంటాడు, టికెట్టు తనిఖీదారు కోచ్ అంటాడు, స్టేషను మైకు కూడా కోచ్ అంటుంది. ఒక మనిషి ఒక మాటనే పట్టుకుని ఉంటే పేరు రాయకుండానే మాట్లాడుతున్నది ఎవరో తెలిసిపోతుంది. 'ధూమశకటం' లాంటి మాటలు ఇప్పుడు ఎగతాళికి తప్ప పనికిరావు. నీ మొదటి పేరాలో ఒకటి ఉంది, అది ఎగతాళి కాదు కాబట్టి తీసెయ్యి. రైల్వేవాళ్ళకు మాత్రం రైలు అన్న మాటతో కూడా పెద్దగా అవసరం ఉండదు, వాళ్ళకు అది 'బండి'.

గుంటూరు మిర్చి గురించి నువ్వు రాసిన భాగంలో ఒక తప్పు ఉంది, అది రోలింగ్ స్టాక్ లోపలి విభజన తెలియకపోవడం వల్ల వచ్చింది. రైల్వే తన బండ్లను కోచింగ్ స్టాక్ అనీ, గూడ్సు స్టాక్ అనీ విడదీస్తుంది. మనుషులు ఎక్కేది మొదటిది, సరుకు ఎక్కేది రెండోది అని మనం సులువుగా అనేసుకుంటాం. పార్సిల్ వ్యాన్ దగ్గర ఆ లెక్క తప్పుతుంది. అందులో మనుషులు ఎక్కరు, సరుకే ఎక్కుతుంది. అయినా అది కోచింగ్ స్టాక్, ప్రయాణికుల పెట్టెల కుటుంబంలోది, ప్రయాణికుల బండికి తగిలించి పంపగలిగేది. 2020 జూలైలో గుంటూరు జిల్లా రెడ్డిపాలెం నుంచి బంగ్లాదేశ్‌లోని బేనాపోల్‌కు ఎండుమిర్చి మొదటిసారిగా ప్రత్యేక పార్సిల్ రైలులో వెళ్ళింది: 16 పార్సిల్ వ్యాన్లు, దాదాపు 384 టన్నులు. గూడ్సు బండిలో పంపాలంటే ఒక్కో విడతకు 1,500 టన్నులకు పైగా పోగుచేయాలి. చిన్న వ్యాపారికీ రైతుకూ అది భారం. లాక్‌డౌన్‌లో రోడ్డు దారి మూసుకుపోయినప్పుడు తక్కువ సరుకుతో కదలగలిగే పార్సిల్ రైలు అందుకే అక్కరకొచ్చింది. నీ కథలో వ్యాపారి ఆ రైలుకు సరుకు వేసి 'గూడ్సు వ్యాగన్ తలుపులు మూశారు' అనుకుంటాడు. అక్కడ తేడా ఒక్క పేరుది కాదు. వ్యాగనే అయితే ఆయన దగ్గరున్న సరుకుతో ఆ బండి కదిలేదే కాదు, నీ కథలో ఆ మలుపే ఉండేది కాదు. 'పార్సిల్ వ్యాన్' అని దిద్దు, కారణం ఒక్క వాక్యంలో ఆయన నోటే చెప్పించు.

తరవాత 'రేక్'. ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రం దగ్గర ఎవరిని అడిగినా బొగ్గును టన్నుల్లో కాక రేకుల్లోనే చెబుతారు. ఒకదానికొకటి తగిలించి ఒక్క బండిగా నడిపే వ్యాగన్ల వరస రేక్. బొగ్గు మోసే బాక్సెన్ వ్యాగన్లు అందులో 58 దాకా ఉంటాయి. తెలుగు లిపిలో 'రేకులు' అని రాస్తే ఇంటి కప్పు మీది రేకులు గుర్తుకొస్తాయి కాబట్టి కథనంలో 'రేక్‌లు' అనే రాయి. సంభాషణలో మాత్రం పలికినట్టే 'రేకులు' అని ఉంచవచ్చు, చుట్టూ బొగ్గు ఉంటే ఎవరూ పొరపడరు. ప్రయాణికుల బండ్లకు కూడా రేక్ ఉంటుంది, కథకులు దాన్ని పట్టించుకోరు. ఎక్స్‌ప్రెస్ పేరు బండిది. పెట్టెల వరసది కాదు. పొద్దున ఒక పేరుతో వచ్చిన రేక్ శుభ్రం చేయించుకుని సాయంత్రం మరో పేరుతో మరో ఊరికి వెళ్ళవచ్చు. నీ కథలో అమ్మాయి సీటు కింద ఉత్తరం మరిచిపోతుంది, మర్నాడు అదే ఎక్స్‌ప్రెస్ ఎక్కి అక్కడే వెతుకుతుంది. దొరకకపోవడానికి నువ్వు విధిని తెచ్చావు. విధి అక్కర్లేదమ్మా, రేక్ చాలు. ఆ పెట్టె ఆ పూట ఇంకెక్కడో ఉంటుంది, అది ఎక్కడుందో తెలుసుకోవడానికి యార్డులో ఎవరినో అడగాలి. ఆ అడగడంలోంచి నీకు ఒక కొత్త పాత్ర పుడుతుంది.

కాలం విషయంలో త్వరగా నాలుగు మాటలు. మూడో తరగతి 1974లో పోయింది కాబట్టి 1965 నాటి ఘట్టంలో అది ఉండాలి, నువ్వు అక్కడ స్లీపర్ అన్నావు. గుంటూరు–మాచర్ల లైను ఒకప్పుడు మీటరు గేజి. ఆ రోజుల పెట్టె ఇప్పటి పెట్టె కంటే ఇరుకు, అది నీ వర్ణనలో తెలియాలి. పెరంబూరులో 1955లో మొదలైన ఇంటిగ్రల్ కోచ్ ఫ్యాక్టరీ తరహా స్లీపర్ పెట్టెలో 72 బెర్తులు. తరవాత వచ్చిన ఎల్‌హెచ్‌బీ తరహాలో పెట్టె పొడవు పెరిగి 80 అయ్యాయి. పాత రోజుల ప్రయాణంలో బెర్తు నంబరు 78 అని రాశావు, తగ్గించు. వందే భారత్‌లో విడిగా ఇంజిన్ ఉండదు, మోటార్లు పెట్టెల కిందే పంచి ఉంటాయి. అందుకని దాని 'ఇంజిన్ విప్పి పక్కకు తీసుకెళ్ళారు' అన్న వాక్యం చెల్లదు. మెమూ బండి కూడా అంతే. గార్డు హోదా పేరు 2022లో ట్రెయిన్ మేనేజరుగా మారింది. కాగితం మీద ఆ పేరు రాయి, పాతవాళ్ళ నోట గార్డుగారినే ఉండనివ్వు.

విదేశీ రచనలు అనువదించాలన్న కోరిక కూడా నీ ఉత్తరంలో ఉంది కాబట్టి ఒక హెచ్చరిక. మన ఇంజనీరు బోగీ అనేదాన్ని అమెరికావాడు ట్రక్కు అంటాడు, మన కోచ్‌నూ వ్యాగన్‌నూ కూడా కారు అంటాడు. పాత బ్రిటిష్ రచనల్లో ట్రక్కు అంటే పైకప్పు లేని సరుకుల వ్యాగన్. 'ట్రక్కు పట్టాలు తప్పింది' అని ఉన్నదున్నట్టు దించితే తెలుగు పాఠకుడు లెవెల్ క్రాసింగులో ఇరుక్కున్న లారీని చూస్తాడు. కారు అన్న మాటను మనం కూడా ప్యాంట్రీ కారు, పవర్ కారు అన్న రెండు మూడు చోట్ల ఇబ్బంది లేకుండా వాడుతున్నాం. అంతకు మించి సాగదీయకు.

చివరిగా, నువ్వు వదిలేసిన ఒక మాట. మీ మామయ్యగారు నీతో 'సిక్ లైను' అని తప్పకుండా అని ఉంటారు. తనిఖీలో లోపం దొరికిన వ్యాగన్‌ను టీఎక్సార్, అంటే బండ్లను పరీక్షించే ట్రెయిన్ ఎగ్జామినర్, 'సిక్' చేస్తాడు, అంటే దాని మీద గుర్తు వేసి బండి నుంచి విడదీయిస్తాడు. అది సిక్ లైనుకు వెళుతుంది, బాగుచేశాక 'ఫిట్' ఇస్తారు. అలాగే ఆఖరి పెట్టె వెనక 'ఎల్‌వీ' అన్న పలక ఉంటుంది, ఆఖరి వాహనం అని గుర్తు. బండి స్టేషను దాటేటప్పుడు ఆ పలక కనిపిస్తేనే పెట్టెలన్నీ వచ్చాయనీ, మధ్యలో ఏదీ తెగిపోయి వెనక లైను మీద మిగిలిపోలేదనీ అక్కడివాళ్ళు ఖాయం చేసుకుంటారు. నువ్వు 'లోపభూయిష్టమైన వ్యాగన్‌ను మరమ్మతు విభాగానికి తరలించారు' అని రాసిన చోట 'వ్యాగన్‌ను సిక్ చేశారు' అని పెట్టి చూడు. తరవాతి వాక్యంలో దాన్ని విప్పి పక్క లైనులోకి నెట్టడం ఎలాగూ ఉంది కాబట్టి అర్థం దానంతటదే తేలుతుంది.

దిద్దుబాట్లు మార్జిన్లలో పెన్సిలుతో గుర్తుపెట్టి పంపుతున్నాను. కోర్టు సన్నివేశం మాత్రం మొదటినుంచీ మళ్ళీ రాయవలసిందే. అక్కడ ప్రాసిక్యూటరు 'రోలింగ్ స్టాక్ భాగాలు' అంటాడు, ముద్దాయి 'బ్రేక్ బ్లాకులు' అంటాడు, ముద్దాయి తల్లి 'రెండు ఇనప ముక్కలండీ' అంటుంది. ముగ్గురూ ఒక వస్తువు గురించే మాట్లాడుతున్నారని జడ్జికి అర్థం కావడానికి కాస్త సమయం పట్టనివ్వు. రైల్వే ఆస్తి అక్రమ స్వాధీనానికి 1966లో వచ్చిన చట్టం వేరే ఉంది, ఆ కాగితం మీద ఏమని రాస్తారో మీ ఊళ్ళో ప్లీడరు ఎవరినైనా అడిగి తెలుసుకో. ఐదో పేజీ ట్రాలీ సంగతి మాత్రం నా మాట మీద ఆధారపడకుండా మీ మామయ్యగారికి చదివి వినిపించు. ఆయన ఏ మాట అంటే అదే ఉంచు. తిరగరాసిన ప్రతి సంక్రాంతిలోగా పంపితే, పండగ సెలవుల్లో తీరిగ్గా చూస్తాను.

శుభాకాంక్షలతో,
నీ శ్రేయోభిలాషి